పక్క సీటు తలుపు

మా బావ తన కారు అమ్మడానికి మా షోరూముకే తెచ్చాడు. ఊళ్ళో పాత కార్లు కొనేవాళ్ళు ఇంకో నలుగురున్నారు. వాళ్ళలో ఎవరి దగ్గరికి వెళ్ళి ఉన్నా ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్ని ఎండాకాలాల్లాగే గడిచిపోయేది. కానీ ఆయన మా అమ్మకు ఫోన్ చేసి, "ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్ళ దగ్గరికి ఎందుకండీ" అన్నాడట. అమ్మ ఆ మాటకే పొంగిపోయి, నాకు రాత్రి అన్నం వడ్డిస్తూ రెండుసార్లు చెప్పింది.

వచ్చిన బండిని ముందు నుంచి వెనక దాకా చూసి, ఏది అసలుదో ఏది అతుకో తేల్చి, దానికి ఎంత ఇవ్వచ్చో రాయడం నా పని. అప్పటికి ఐదేళ్ళుగా అదే చేస్తున్నాను. పెయింటు మందం చూసే చిన్న మీటరు జేబులో ఉంటుంది గానీ, తలుపు వేసిన చప్పుడు వింటేనే సగం తెలిసిపోతుంది. అమ్మేవాళ్ళందరిదీ ఒకటే పాట: "మేం అసలు వాడనే లేదండీ." వాడని బండికి బ్రేకు పెడలు రబ్బరు ఎందుకు అరిగిందని అడిగితే ముఖం అటు తిప్పుకుంటారు. పైన పటారం, లోన లొటారం. షోరూములో నాకు ఎక్స్‌రే అని పేరు పెట్టింది మా మెకానిక్కు. ఆయన్ని మేమందరం డాక్టరుగారు అంటాం. నేను చూపిస్తే ఆయన విప్పుతాడు.

బావ ఒక కంపెనీలో ఏరియా మేనేజరు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మా నాన్న పోయినప్పుడు ఆసుపత్రి నుంచి అన్నీ దగ్గరుండి చూశాడు. నా ఉద్యోగం కూడా ఆయన మా మేనేజరుకు ఒక మాట చెప్తేనే వచ్చింది. వీటన్నిటికంటే మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేది ఇంకొకటి ఉంది. ఎక్కడికి వెళ్ళినా, కారు ఆపగానే బావ దిగి, చుట్టూ తిరిగి వచ్చి, అక్క వైపు తలుపు తీస్తాడు. అక్క దిగేదాకా దాన్ని పట్టుకునే నిలబడతాడు. అమ్మ ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించేది. "మహారాణిలా చూసుకుంటాడు" అనేది. నాకొచ్చిన ఒక సంబంధాన్ని వద్దంటూ, "బావలా కారు తలుపు తీసేవాడైతేనే చేసుకుంటా" అని నేను కూడా నలుగురిలో అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

ఆ రోజు పొద్దున్నే బావ తాళంచెవి నా అరచేతిలో పెట్టి, "ఏం మరదలా, నీ ఎక్స్‌రే కళ్ళు ఈ ఒక్కరోజూ కాస్త మూసుకోవాలి మరి" అన్నాడు.

"కళ్ళు మూసుకుంటే జీతం ఇవ్వరు బావా. మీకైనా అదే లెక్క."

"లెక్క సరిగ్గానే వెయ్యి. పెద్ద బండి తీసుకుంటున్నాం. మీ అక్కకు ఇది ఇరుగ్గా ఉంది."

"అక్క అందా?"

"అది నోరు తెరిచి అడుగుతుందా? మనమే తెలుసుకోవాలి."

మేనేజరు ఆయన్ని కొత్త బండి నడిపి చూడమని తీసుకెళ్ళాడు. నేను కారును యార్డులోకి తెచ్చుకుని మొదలుపెట్టాను. బయట బాగుంది. వెనక బంపరు ఒక మూల మళ్ళీ రంగు వేశారు, అంతే. ఇంజన్లో నూనె మరక లేదు. లోపల కూర్చుంటే బావ ఎంత ముందుచూపు గలవాడో అర్థమైంది. పోయిన నెల కొన్న మంచి మ్యాట్లు తీసేసి, ఎప్పటివో పాతవి పరిచాడు. పాటలు వినే సెట్టు ఊడదీసుకుని, మొదట కంపెనీ ఇచ్చింది బిగించాడు. అద్దానికి వేలాడే సెంటు సీసా కూడా వదల్లేదు. నాకు నవ్వొచ్చింది. అమ్మేవాడెవడైనా చేసే పనే.

నాలుగు సీట్లలోనూ కూర్చుని, తలుపు మూసి, అద్దం దించి ఎత్తి, లోపలి నుంచి తెరుచుకుని దిగడం నా పద్ధతి. మూడు తలుపులు అయ్యాయి. ముందు పక్క సీటులోకి వచ్చి కూర్చుని తలుపు వేసుకున్నాను. అద్దం బటను నొక్కాను, కదల్లేదు. రాసుకున్నాను. హ్యాండిల్ లాగాను. అది ఊడబోయే పన్నులా ఊగింది తప్ప తలుపు రాలేదు. ఇంకోసారి లాగాను. భుజంతో తోశాను.

మిట్టమధ్యాహ్నం. ఏసీ లేదు, ఇంజను ఆపేసి ఉంది, అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. రెండు నిమిషాలకే ముక్కు మీద చెమట పట్టింది. కంగారు పడాల్సిందేమీ లేదు, గేరు మీదుగా డ్రైవరు సీటులోకి పాకి దిగొచ్చు. అలాగే దిగాను. దిగే ముందు మాత్రం అలవాటు కొద్దీ ఆ హ్యాండిల్‌ను దగ్గరగా చూశాను. వస్తువు ఎంత వాడారో అరుగుదలే చెప్తుంది. వెనక తలుపుల హ్యాండిళ్ళు కొత్తగా మెరుస్తున్నాయి. డ్రైవరుది కాస్త వెలిసింది. ఈ పక్క సీటుది మాత్రం వేళ్ళు ఆనేచోట రంగంతా పోయి తెల్లగా తేలింది. తలుపు తెరవని హ్యాండిల్ అన్నిటికంటే ఎక్కువ అరిగింది.

డాక్టరుగారిని పిలిచాను. ఆయన స్క్రూలు తీసి తలుపు లోపలి అట్ట ఊడదీసి, టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"దీన్ని చెడిపోయిందని రాయకమ్మా" అన్నాడు. "చెడిపోలేదు. తీసేశారు."

"తీసేయడమేంటి?"

"ఇదిగో, హ్యాండిల్‌ను తాళానికి కలిపే కడ్డీ. క్లిప్పు విరగకుండా పనితెలిసినవాడు ఊడదీశాడు. కడ్డీ మోగకుండా తీగతో ఇటు కట్టేశాడు. అద్దం వైరు కూడా కోసి, మొనలకు టేపు చుట్టాడు. అరిగినా విరిగినా ఇలా ఉండదు. ఎవరో చెప్పి చేయించుకున్నారు." ఆయన టార్చి ఆర్పి నవ్వబోయాడు. "దొంగల్ని తీసుకెళ్ళే బండా ఏంటి?"

"మా అక్క కూర్చునే బండి" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. అట్టను ఉన్నదున్నట్టే బిగించి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

వెనక తలుపులకు పిల్లలు తీయకుండా లాకు కంపెనీవాళ్ళే పెడతారు. ముందు తలుపుకు ఏ కంపెనీ పెట్టదు. నేను ఆ తలుపు పట్టుకుని ఎండలో నిలబడి ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. పెళ్ళిళ్ళ దగ్గర, ఆసుపత్రి దగ్గర, మా ఇంటి ముందు, కారు ఆగాక అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవడం. ఆయన తాపీగా చుట్టూ తిరిగి రావడం. మేమంతా చూసి మురిసిపోవడం. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మ్యాట్లు గుర్తుపెట్టుకుని తీసుకెళ్ళాడు. సెంటు సీసా గుర్తుంది. ఇది దాచాలని మాత్రం తోచలేదు. తప్పు చేశానని అనుకున్నవాడికి కదా దాచాలని తోచేది. నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది అదే.

మర్నాడు బావ ఆఫీసుకు వెళ్ళే వేళ చూసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. పెళ్ళికి ముందు ఒక ల్యాబులో పనిచేసేది. రక్తం తీస్తే చీమ కుట్టినట్టయినా ఉండేది కాదని అందరూ తననే అడిగేవారు. పెళ్ళయిన రెండేళ్ళకు మానేసింది. "ఇంట్లోనే తీరిక ఉండటం లేదు" అంటే మేం నమ్మాం.

"కారు చూశాను" అన్నాను.

"ఊఁ. ఎంత వస్తుందట?"

"నీ వైపు తలుపు లోపలి నుంచి రాదు."

అక్క చేతిలో చొక్కా ఉంది. కాలరు సరిచేసి, రెండు చేతులూ వెనక్కి మడిచి, పక్కన పెట్టింది. "అది ఎప్పటి నుంచో అంతే" అంది.

"చెడిపోలేదు. విప్పించారు."

"నీకెందుకే అవన్నీ? రేటు చెప్పు, చాలు."

"రేటు కాదు నేను అడుగుతోంది."

"నన్ను అడగొద్దు" అని ఒక్కసారిగా విసుక్కుంది. తర్వాత ఇంకో చొక్కా తీసుకుంది. దాన్ని మడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. రెండేళ్ళ కిందట కారులో ఏదో మాట మీద గొడవైంది. ల్యాబుకు మళ్ళీ వెళ్తానన్నందుకు. సిగ్నలు దగ్గర కారు ఆగితే తను తలుపు తీసుకుని దిగి, అలాగే నడిచి మా ఇంటికి వచ్చేసింది. నాకు ఆ రోజు గుర్తుంది. అక్క సోఫాలో కూర్చుని నీళ్ళు తాగింది. అమ్మ గంటసేపు బుద్ధులు చెప్పింది. చీకటి పడకముందే నా స్కూటరు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి దింపి వచ్చింది నేనే. దింపుతూ, "చిన్నదానికి కూడా అలగడమేంటే, బావ కాబట్టి ఊరుకున్నాడు" అన్నాను.

"ఆ మర్నాడే విప్పించారు" అంది అక్క. "నా మంచికేనన్నారు. రోడ్డు మధ్యలో దిగితే ఏ బండైనా గుద్దేదని."

"మరి అద్దం?"

అక్క మడిచిన చొక్కాను విప్పి మళ్ళీ మడిచింది.

"అక్కా, అద్దం ఎందుకు?"

"కోపం వస్తే నన్ను బండిలోనే ఉంచి వెళ్తారు. ఇంజను ఆపేసి. కాస్త ఆలోచించుకోమని."

"ఎంతసేపు?"

"పావుగంట. అరగంట. ఒకసారి ఆయన మీటింగు అయ్యేదాకా."

"గేరు మీంచి అటువైపు దిగొచ్చు కదా" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

అక్క అప్పుడు తలెత్తి చూసింది. ఆ చూపులో ఉన్న కోపం బావ మీద కాదు, నా మీద. "దిగి ఎక్కడికి రావాలి? మీ దగ్గరికా?" అంది.

నేను లేచాను. వచ్చేస్తుంటే అక్క గుమ్మం దాకా వచ్చి, "రిపోర్టులో రాశావా?" అని అడిగింది. రాశానన్నాను. "చెరిపెయ్యి" అంది. చెరపనన్నాను. కారు ఎవరి పేరు మీదుందో కూడా గుర్తు చేశాను. కొన్నప్పుడు అక్కకు ఉద్యోగం ఉంది, ఆడవాళ్ళ పేరు మీదైతే అప్పు తేలిగ్గా ఇస్తారని అక్క పేరు మీదే తీసుకున్నారు. అమ్మాలంటే రిపోర్టు మొత్తం ఓనరుకు చదివి వినిపించి, ఓనరు సంతకం తీసుకోవాలి. మా షోరూములో అది కచ్చితం. "నువ్వు రాక తప్పదు" అన్నాను. అక్క లోపలికి వెళ్ళిపోయింది.

రిపోర్టు చూసి మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. పందొమ్మిదో లైను మీద వేలు పెట్టాడు.

"ఇదేంటమ్మా? హ్యాండిల్ పనిచేయదని రాస్తే సరిపోతుందిగా."

"పనిచేయదంటే అబద్ధం సార్. పనిచేయకుండా చేశారు."

"క్లిప్పు ఖరీదు టీ ఖరీదు ఉండదు. దాని కోసం కొత్త బండి బేరం పోగొట్టుకోమంటావా? మీ ఇంటి గొడవ తెచ్చి నా టేబుల్ మీద పెట్టకు."

"నేను తేలేదు సార్. ఆయనే తెచ్చి తాళంచెవితో సహా పెట్టి వెళ్ళాడు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్ను ఉద్యోగంలో పెట్టమన్న మనిషమ్మా ఆయన" అన్నాడు. తెలుసన్నాను. ఆ లైను తీయాలంటే నా సంతకం కూడా తీసేసి, ఇంకొకరి చేత మళ్ళీ బండి చూపించుకోమన్నాను. ఇంకొకరు లేరు. మిగిలిన ఒక్కడూ సెలవులో ఉన్నాడు.

సోమవారం పొద్దున బావ అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. కారు మా యార్డులోనే ఉంది కాబట్టి అద్దె బండిలో వచ్చారు. బల్లకు ఆ పక్క వాళ్ళిద్దరూ, ఈ పక్క మేనేజరూ నేనూ. తాళంచెవి మధ్యలో. నేను చదవడం మొదలుపెట్టాను. టైర్లు అరవై శాతం. వెనక బంపరు మూల రంగు వేశారు. ముందు అద్దం మీద కంకర దెబ్బ ఒకటి. బావ ఫోన్ చూసుకుంటూ తలూపుతున్నాడు. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పద్దెనిమిది అయింది.

"పందొమ్మిది. ముందు పక్క సీటు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. హ్యాండిల్ కడ్డీని కావాలని విప్పి తీగతో కట్టారు. అద్దం వైరు కోశారు."

బావ ఫోన్ నుంచి తలెత్తాడు. తొణకలేదు. "అది ఎప్పుడో పాడైంది. మెకానిక్ సరిగ్గా చేయలేదు" అన్నాడు మేనేజరుతో.

"చిన్న విషయం సార్. నేను చేయించుకుంటాను" అన్నాడు మేనేజరు.

"ఓనరు ఒప్పుకోవాలి" అన్నాను. "ఒప్పుకుంటేనే కింద సంతకం."

బావ నా వైపు తిరిగాడు. అదే మెత్తని గొంతు. "మరదలా, సరదాకు కూడా ఒక హద్దుంటుంది."

నేను అక్కనే చూస్తున్నాను. అక్క కాగితం వైపు చూస్తోంది. "అది మళ్ళీ చదువు" అంది.

మళ్ళీ చదివాను. ఈసారి ఒక్కో మాటా ఆపి చదివాను.

"నిజమే" అంది అక్క. ల్యాబులో రక్తపరీక్ష ఫలితం చదివినట్టు, మేనేజరు వైపు తిరిగి చెప్పింది. "ఆ తలుపు లోపలి నుంచి రాదు. రెండేళ్ళయింది. ఈయనే విప్పించారు."

మేనేజరు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"సరే, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ముందు సంతకం పెట్టు" అన్నాడు బావ.

అక్క చెయ్యి చాపింది. పెన్ను కోసమనుకున్నాం అందరం. తాళంచెవి తీసుకుని తన సంచిలో వేసుకుని జిప్పు లాగింది. "మీరు వెళ్ళండి" అంది.

"ఎలా వెళ్ళాలి?"

"బస్సు ఉంది."

ఆయన నవ్వాడు, ఎవరైనా తోడు నవ్వుతారేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. తర్వాత చొక్కా సర్దుకుని బయటికి నడిచాడు. అక్క లేచి, కస్టమర్లు కూర్చునే సోఫాలో ఒక మూల కూర్చుంది. ఆ రోజు నేను ఇంకో నాలుగు బండ్లు చూశాను. మధ్యమధ్యలో వచ్చి చూస్తే అక్క అక్కడే ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని. డాక్టరుగారు టీ తెచ్చి ఇచ్చాడు. సాయంత్రం షోరూము కట్టేశాక నా స్కూటరు మీద ఇంటికి వచ్చాం.

అమ్మ తలుపు తీసి అక్కను చూసి, మొదట నా ముఖం చూసింది. తర్వాత, "ఎన్ని రోజులుంటావు?" అని అడిగింది.

అసలు యుద్ధం ఆ తర్వాత మొదలైంది. బావ రోజూ అమ్మకు ఫోన్ చేసేవాడు. నన్ను గానీ అక్కను గానీ ఒక్క మాట అనేవాడు కాదు, అదీ ఆయన గొప్పతనం. "పిల్లకు మనసు బాగాలేదు, మీరే నాలుగు రోజులు ఉంచుకోండి" అనేవాడు. అమ్మ ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుని, "దేవుడిలాంటి మనిషి" అనేది. ఆమెకు నేను చెప్పని మాట లేదు. ఎండలో బండిలో ఉంచి వెళ్ళేవాడని చెప్పాను. వైరు కోశాడని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"కొట్టాడా? తిట్టాడా? తాగొచ్చాడా?" అని అడిగేది అమ్మ. "ఒక తలుపు కోసం కాపురం వదులుకుంటారా ఎవరైనా? మీ నాన్న పోయినప్పుడు ఎవరున్నారు మనకు?"

"ఆ రోజు చేసిన సాయానికి అక్కను ఇచ్చేద్దామా?"

"నోర్ముయ్. దానికి లేనిపోనివన్నీ ఎక్కించింది నువ్వే. నీకు పెళ్ళయితే తెలుస్తుంది."

మూడోవారం బావ వాళ్ళ అన్నగారిని తీసుకుని వచ్చాడు. అమ్మ కొత్త దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. ఆ పెద్దమనిషి, ఇద్దరిదీ తప్పేనని, సర్దుకుపోవాలని, శుక్రవారం వచ్చి తీసుకెళ్తామని చెప్పాడు. అమ్మ అన్నిటికీ తలూపింది. వాళ్ళు వెళ్ళాక గదిలోకి వెళ్తే అక్క బీరువా తెరిచి బట్టలు సంచిలో పెట్టుకుంటోంది. "అమ్మతో రోజూ పడలేనే" అంది, నిమ్మకు నీరెత్తినట్టు. నాకు అక్కను లాగి ఒకటి కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలో తెలియక వచ్చిన కోపమది.

మర్నాడు గురువారం. "నీకొకటి చూపించాలి రా" అని అమ్మను షోరూముకు తీసుకెళ్ళాను. యార్డులో కారు దుమ్ము పట్టి ఉంది. అక్క సంచిలోంచి తెచ్చిన తాళంచెవితో తీశాను. "కూర్చో" అన్నాను. అమ్మ అక్క సీటులో కూర్చుంది. నేను తలుపు వేశాను.

"ఇప్పుడు దిగు" అన్నాను బయట నుంచి.

అమ్మ హ్యాండిల్ లాగింది. మళ్ళీ లాగింది. అద్దం బటను నొక్కింది. నా వైపు చూసి ఏదో అంది, వినపడలేదు. నేను కదల్లేదు. అమ్మ అద్దం మీద అరచేత్తో కొట్టింది. పైట కొంగుతో మెడ తుడుచుకుంది. నాకు అప్పుడు ఏమనిపించిందో నిజం చెప్పాలంటే, బాగా అయింది అనిపించింది. ఇంకా కాసేపు అనిపించింది. రెండేళ్ళ లెక్కకు ఇదెంత అనిపించింది. కొంతసేపటికి అమ్మ కొట్టడం మానేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కదలకుండా కూర్చుంది.

వెనక నుంచి ఎవరో నన్ను పక్కకు తోశారు. డాక్టరుగారు తలుపు లాగి, అమ్మ చెయ్యి పట్టుకుని దింపాడు. ఆమెను నీడలో స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, నా దగ్గరికి వచ్చాడు.

"నీకూ అతనికీ తేడా ఏంటమ్మా?" అన్నాడు మెల్లగా.

ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. తేడా ఉందని వంద రకాలుగా చెప్పుకున్నాను. చెప్పుకున్నప్పుడల్లా అమ్మ చెమట పట్టిన ముఖం అడ్డొస్తుంది.

అమ్మ నన్ను తిట్టలేదు. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, చాలాసేపు కారు వైపే చూసింది. "ఆ రోజు సిగ్నలు దగ్గర నుంచి నడిచొచ్చినప్పుడు దాని చెప్పు తెగిపోయి ఉంది" అంది. "ఒక కాలికి చెప్పు లేకుండా వచ్చింది. నేను నా చెప్పులిచ్చి పంపాను."

ఇంటికి వచ్చాం. సాయంత్రం ఫోన్ మోగింది. అమ్మ కూరగాయలు తరుగుతోంది. చేతులు తుడుచుకోకుండానే తీసింది. "రేపు రావద్దు" అంది. అవతల ఏదో చెప్తున్నాడు. అమ్మ విన్నది, ఎప్పటిలాగే మర్యాదగా మొత్తం విన్నది. "అది రాదు బాబూ" అని పెట్టేసింది. తర్వాత తిరిగి కత్తి పట్టుకుంది గానీ ఏమీ తరగలేదు. గదిలో సంచి ముందు కూర్చున్న అక్క ఆ మాట వినే ఉంటుంది. బయటికి రాలేదు. మర్నాడు పొద్దున చూస్తే బట్టలన్నీ మళ్ళీ బీరువాలో ఉన్నాయి, నా బట్టల పక్కన.

అమ్మా నేనూ నెలరోజులు అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. ఆమె నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు. తనను తాను క్షమించుకుందని మాత్రం నేననుకోను. బావ మాటల్లో మెత్తదనం పోయింది, అవి ఫోన్లోంచి వకీలు కాగితాల్లోకి దిగాయి. చేసిన సాయాలన్నీ వరసపెట్టి గుర్తు చేశాడు, అందులో నా ఉద్యోగం కూడా ఉంది. మేనేజరు నన్ను తీసేయలేదు. మంచితనం అనుకోను. సెలవులో వెళ్ళినవాడు తిరిగి రాలేదు, అంతే. అక్క పాత ల్యాబులో తిరిగి చేరింది, తనకంటే చిన్నవాళ్ళ కింద, తక్కువ జీతానికి. మొదటి వారం చేతికి అలవాటు తప్పిందని ఇంటికొచ్చి నా చేతి మీద నరం వెతికి చూసుకునేది.

వానలు మొదలయ్యాక కారు అమ్మేస్తానంది. డాక్టరుగారు కడ్డీ తగిలించి, వైరు అతికించి, బటను నొక్కి చూపించాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టింది. డబ్బు తీసుకోలేదు.

అక్క ల్యాబుకు సెలవు పెట్టి తనొక్కతే వచ్చింది. నేను రిపోర్టు చదివాను. పందొమ్మిదో లైను ఇప్పుడు లేదు. మేనేజరు లెక్క వేసి, మొదట చెప్పినదానికి నలభై వేలు తక్కువ చెప్పాడు.

"ఎందుకు తగ్గింది?" అంది అక్క.

"రెండు నెలలైందమ్మా. మార్కెట్టు పడిపోయింది. పైగా ఆ పక్కన గీత కూడా ఉంది."

"ఆ గీత ముందు రిపోర్టులో ఉందా?"

మేనేజరు నా వైపు చూశాడు. నేను కాగితం తిప్పి చూపించాను. లేదు.

"మీ యార్డులో పడిన గీతకు నన్ను కట్టమంటారా?" అంది అక్క. గొంతు కాస్త పెరిగింది. "ఏ మార్కెట్టు పడిపోయింది? బయట బోర్డు మీద ఇదే బండికి ఎంత రాసి పెట్టారో నేను చూడలేదనుకున్నారా? టైర్లు అరవై శాతం అని మీ మనిషే రాసింది. యాభైకి లెక్క ఎందుకు వేశారు?"

"అది కాదమ్మా..."

"ఏది కాదు? నేను మాట్లాడుతుంటే మధ్యలో రాకండి. నన్ను చూస్తే ఏం తెలియనిదానిలా కనిపిస్తున్నానా? ఎవరేం చెప్తే దానికి సంతకం పెట్టి పోయేదానిలా ఉన్నానా?"

అక్క లేచి నిలబడింది. అరచేత్తో బల్ల మీద కొట్టింది, టీ కప్పు ఎగిరిపడింది. సోఫాలో ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. పెళ్ళయిన ఈ ఏడేళ్ళలో అక్క గొంతు పక్క గదిలోకి వినిపించగా నేను ఎరగను. ముఖం ఎర్రబడింది, మెడ మీద నరాలు తేలాయి, ఒక మాట మీద ఇంకో మాట పడిపోతోంది. కొన్ని మాటలకు కారుతో సంబంధం లేదు. పాపం మేనేజరు వాటికి కూడా జవాబు వెతుక్కుంటున్నాడు.

"మీ అక్క చాలా నెమ్మదస్తురాలని అనుకున్నానమ్మా" అన్నాడు నాతో, చిన్నగా.

"మేమూ అలాగే అనుకున్నాం సార్."

కాస్త ఆపమన్నట్టు ఆయన నా వైపు చూశాడు. నేను తర్వాతి బండి కాగితాలు తీసుకుని లేచాను. బయట చినుకులు పడుతున్నాయి. యార్డు చివరిదాకా నడిచి వెళ్ళినా అక్క గొంతు వినిపిస్తూనే ఉంది.